నాన్నగారి స్మాల్ సెల్ కేన్సర్‌కు కీమో ఒక్కటే చాలా, ఇమ్యునోథెరపీ కూడా కావాలా?

మీరు రాసిన విషయాన్ని ముందు కుదించి చెబుతాను. ఇలాంటి పరిస్థితిలో ఉన్న మరికొందరు కూడా దీన్ని చదువుతారు. మీది కొండపి దగ్గరి పల్లె. నాన్నగారికి 63 ఏళ్లు, పొగాకు రైతు. కుర్రతనం నుండి చుట్ట, ఆ తర్వాత బీడీ అలవాటు. కొన్ని నెలలుగా దగ్గు, ఈ మధ్య పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి ఉండటం, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఒంగోలులో సీటీ స్కాన్, ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించారు. స్మాల్ సెల్ ఊపిరితిత్తుల కేన్సర్ అని, కాలేయానికి, వెన్నెముకకు కూడా పాకిందని తేలింది. కీమోతో పాటు ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ (ఒంట్లోని రక్షణ కణాలే కేన్సర్‌పై పోరాడేలా చేసే మందు) కూడా పెడితే మంచిదని డాక్టరు గారు చెప్పారు. మీ మేనమామ గారు మాత్రం ఈ జబ్బుకు ఎంత పెట్టినా ఆరు నెలలేనని అంటున్నారు. ఈ కొత్త మందుతో నిజంగా మేలు జరుగుతుందా, అందుకోసం రెండెకరాలు అమ్మాలా, లేక వేలంలో పొగాకు బేళ్లు అమ్ముడై డబ్బు చేతికి వచ్చాక మొదలుపెడితే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. నేను నెల్లూరులో చాలా ఏళ్లుగా కేన్సర్ రోగులకు మందుల వైద్యం చేస్తున్నాను. నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

అన్నిటికంటే ముందు చెప్పవలసింది ఒకటుంది. వేలం డబ్బు కోసం ఆగవద్దు. కీమో ఈ వారంలోనే మొదలుకావాలి. ఇమ్యునోథెరపీ పెట్టించాలా వద్దా అనేది ఆ తర్వాత తేల్చుకోవచ్చు. మొదటి సైకిల్‌లో, అంటే మూడు వారాలకోసారి ఇచ్చే మందు మొదటి విడతలో, కీమో ఒక్కటే ఇచ్చి, రెండో సైకిల్ నుండి ఇమ్యునోథెరపీ చేర్చడం మేం అవసరాన్ని బట్టి చేస్తూనే ఉంటాం. దానివల్ల పెద్దగా నష్టపోయేదేమీ లేదు. కానీ రెండు మందులూ కలిసి దొరికేదాకా ఆగుదామని కూర్చుంటే నష్టం చాలా ఉంటుంది. మొహం ఉబ్బుతోందని మీరు రాసిన ఆ ఒక్క మాటే నన్ను ఎక్కువగా తొందరపెడుతోంది. తల నుండి, చేతుల నుండి రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిరను ఛాతీలోని గడ్డ నొక్కుతుంటే అలా ఉబ్బుతుంది. అది వారాల తరబడి ఆగే విషయం కాదు. మెడ నరాలు ఉబ్బి కనిపించినా, వెల్లకిలా పడుకోలేకపోయినా రేపటి దాకా కూడా చూడకండి.

ఈ జబ్బు ఎందుకింత తొందరపెడుతుందో తెలిస్తే మిగతా విషయాలు సులువుగా అర్థమవుతాయి. ఊపిరితిత్తుల కేన్సర్లలో నూటికి సుమారు 15 స్మాల్ సెల్ రకానివి. కణం అదుపు తప్పకుండా కాపలా కాసే టీపీ53, ఆర్‌బీ1 అనే రెండు జన్యువులు ఈ రోగుల్లో దాదాపు అందరికీ చెడిపోయి ఉంటాయి. అందుకే కణాలు ఆగకుండా విభజన చెందుతూ పోతాయి, చాలా త్వరగా రక్తంలో కలిసి కాలేయానికి, ఎముకలకు, మెదడుకు చేరతాయి. గుర్తించేనాటికే మూడింట రెండు వంతుల మందిలో జబ్బు ఛాతీ దాటి ఉంటుంది. దాన్నే విస్తృత దశ అంటాం. అయితే వేగంగా విభజన చెందే కణాలనే కీమో బాగా దెబ్బతీస్తుంది కాబట్టి, మొదటి రెండు సైకిళ్లలోనే గడ్డలు సగానికి సగం తగ్గడం, మొహం వాపు దిగిపోవడం, మనిషి లేచి తిరగడం మామూలుగా చూస్తుంటాం. ఆ తర్వాత వచ్చేదే అసలు కష్టం. చేలో తుంగను పైపైన దున్నేస్తే నేల శుభ్రంగా కనిపిస్తుంది గానీ, అడుగున గడ్డలు ఉండిపోయి మళ్లీ మొలుస్తుంది కదా, ఈ కేన్సర్ కూడా అంతే. మొదటి స్కాన్ చూసి నయమైపోయిందని సంబరపడ్డ కుటుంబాలు, కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టినప్పుడు డాక్టరే మోసం చేశాడని అనుకుంటాయి. మీరు ఇది ముందే తెలుసుకుని ఉండాలి.

మీ మేనమామ గారు చెప్పినదానికి ఆధారం లేకపోలేదు. 1980ల నుండి 2018 దాకా, దాదాపు ముప్పై ఏళ్లకు పైగా, ఈ దశలో మొదటి వైద్యం ఒక్కటే: సిస్‌ప్లాటిన్ లేదా కార్బోప్లాటిన్, దానితో పాటు ఎటోపోసైడ్. ఆ వైద్యంతో రోగుల్లో సగం మంది సుమారు పది నెలలు దాటేవారు, సగం మంది ఆలోపే పోయేవారు. అసలు వైద్యమే లేకుండా వదిలేస్తే ఆ గడువు రెండు నుండి నాలుగు నెలలు మాత్రమే. ఈ ముప్పై ఏళ్లలో కొత్త మందులు చాలానే ప్రయత్నించారు. 2002లో జపాన్ వైద్యులు ఎటోపోసైడ్ బదులు ఇరినోటికాన్ వాడి, 9.4 నెలల ఆయుష్షు 12.8 నెలలకు పెరిగిందని చూపించారు. అందరం ఆశపడ్డాం. అమెరికాలో ఎక్కువ మందిపై అదే పరీక్ష చేస్తే ఆ తేడా కనపడలేదు. ఇలా ఆశపెట్టి జారిపోయిన మందులు ఎన్నో ఉన్నాయి కాబట్టి, ఈ జబ్బులో ఏదైనా ముందడుగు అంటే నేను కూడా అంకెలు చూడకుండా నమ్మను.

2018లో వచ్చిన మార్పు మాత్రం నిలబడింది. ఇంపవర్133 అనే పరీక్షలో 403 మందిని రెండు జట్లుగా చేసి, అందరికీ కార్బోప్లాటిన్, ఎటోపోసైడ్ ఇచ్చారు. ఒక జట్టుకు దానితో పాటు అటిజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు, రెండో జట్టుకు మందు లేని ఉత్త డ్రిప్ పెట్టారు. మందు అందుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 12.3 నెలలు, అందనివారిది 10.3 నెలలు. మరుసటి ఏడాది వచ్చిన కాస్పియన్ పరీక్షలో డుర్వాలుమాబ్ అనే మందుతో 13 నెలలు, కీమో ఒక్కదానితో 10.3 నెలలు అని తేలింది. ఆ పరీక్షలో కీమో ఒక్కటే తీసుకున్నవారికి ఆరు సైకిళ్ల దాకా ఇచ్చే వీలుండగా, ఇమ్యునోథెరపీ జట్టుకు నాలుగే ఇచ్చారు. అయినా ఇమ్యునోథెరపీ జట్టే మెరుగ్గా నిలిచింది. ఇదే కోవకు చెందిన పెంబ్రోలిజుమాబ్‌తో చేసిన పరీక్షలో ఆయుష్షులో తేడా గణాంకాల ప్రకారం రుజువు కాలేదు. అందుకే ఈ జబ్బుకు మొదటి వైద్యంలో దాన్ని వాడం. ఎవరైనా అదీ ఇదీ ఒకటేనని చెబితే ఒప్పుకోకండి.

ఇంత ఖర్చూ రెండు నెలల కోసమేనా అని మీరు అడుగుతారు. నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబమూ ఇదే అడుగుతుంది, అడగడం న్యాయమే. అయితే మధ్యస్థం అనే అంకె అసలు సంగతిని పూర్తిగా చెప్పదు. వంద మంది రోగులను ఆయుష్షు ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలబడ్డ మనిషిది ఎంతో మాత్రమే అది చెబుతుంది; వరుస చివర ఏం జరుగుతోందో చెప్పదు. కాస్పియన్ రోగులను మూడేళ్లు గమనించినప్పుడు, కీమో ఒక్కటే తీసుకున్న వందలో సుమారు ఆరుగురు బతికి ఉంటే, డుర్వాలుమాబ్ కూడా తీసుకున్న వందలో సుమారు పద్దెనిమిది మంది ఉన్నారు. అటిజోలిజుమాబ్ తీసుకున్నవారిని ఇంకా ఎక్కువకాలం గమనించగా ఐదేళ్లకు నూటికి 12 మంది జీవించి ఉన్నారు. ఈ దశలో ఐదేళ్లు బతికిన రోగిని చూడటమే ఒకప్పుడు అపురూపం. కాబట్టి ఈ మందు అందరికీ తలా రెండు నెలలు పంచిపెట్టేది కాదు. చాలామందికి దీనివల్ల పెద్ద తేడా ఉండదు, కొద్దిమందికి మాత్రం ఏళ్లు కలిసివస్తాయి. ఆ కొద్దిమంది ఎవరో ముందుగా చెప్పే పరీక్ష ఇంతవరకు లేదు. మిగతా ఊపిరితిత్తుల కేన్సర్లలో చేసే పీడీ-ఎల్1 పరీక్ష ఈ రకంలో మందు ఎవరికి పనిచేస్తుందో చెప్పలేదు. దానికోసం ప్రత్యేకంగా డబ్బు ఖర్చుపెట్టకండి.

ఇంకో విషయం కూడా గుర్తుంచుకోవాలి. ఆ పరీక్షల్లోకి తీసుకున్నది తమ పనులు తాము చేసుకుంటూ తిరగగలిగేవారినే. రోజులో సగం కంటే ఎక్కువసేపు మంచానికే అతుక్కుపోయినవారు, కీళ్లవాతం వంటి స్వీయ రోగనిరోధక జబ్బులకు గట్టి మందులు వాడుతున్నవారు వాటిలో లేరు. నాన్నగారు నాలుగడుగులకే ఆయాసపడుతున్నారంటే పరీక్షల్లోని రోగి కంటే బలహీనంగా ఉన్నారన్నమాట. దానివల్ల వైద్యం పనికిరాదని అనుకోకండి. ఈ కేన్సర్‌లో మనిషిని మంచాన పడేసేది చాలాసార్లు జబ్బే కాబట్టి, మొదటి సైకిల్ పడగానే లేచి తిరిగేవారు ఉంటారు. ఒక సైకిల్ కీమో ఇచ్చి, మూడు వారాలకు ఆయన ఎలా ఉన్నారో చూసి, అప్పుడు ఇమ్యునోథెరపీ సంగతి తేల్చుకోవడమే ఆయన విషయంలో నాకు సబబుగా తోస్తోంది.

ఆ తర్వాతి ఏళ్లలో చైనా వైద్యులు ఇదే తరహా మందులతో మంచి ఫలితాలు చూపించారు. సెర్‌ప్లులిమాబ్‌తో 2022లో వెలువడిన పరీక్షలో 585 మంది పాల్గొన్నారు, ఆయుష్షు 10.9 నుండి 15.4 నెలలకు పెరిగింది. అడెబ్రెలిమాబ్‌తో 12.8 నుండి 15.3కు పెరిగింది. ఇమ్యునోథెరపీతో పాటు, గడ్డకు రక్తనాళాలు పెరగకుండా ఆపే ఆన్లోటినిబ్ అనే మాత్రను కూడా కీమోకు చేర్చిన పరీక్షలో 19.3 నెలలు వచ్చాయి. వినడానికి గొప్పగానే ఉంది. కానీ ఒక పరీక్షలోని అంకెను తెచ్చి మరో పరీక్షలోని అంకె పక్కన పెట్టి ఏది ఎక్కువో తేల్చకూడదు. రోగులు వేరు, తర్వాత దొరికిన మందులు వేరు. అలాగే మందు మీద మందు చేర్చినంత మాత్రాన మేలు జరుగుతుందనీ లేదు. అటిజోలిజుమాబ్‌కు టిరాగోలుమాబ్ అనే ఇంకో ఇమ్యునోథెరపీ మందును జోడిస్తే కలిసివచ్చిందేమీ లేదు.

ఈ మధ్యకాలంలో నేను ముఖ్యమని భావించే ముందడుగు 2025లో వచ్చింది. మొదటి నాలుగు సైకిళ్లు అయ్యాక ఇంతకాలం మేం ఇమ్యునోథెరపీ ఒక్కటే మూడు లేదా నాలుగు వారాలకు ఒకసారి కొనసాగిస్తూ వచ్చాం. చాలామందిలో జబ్బు మళ్లీ తలెత్తేది సరిగ్గా ఆ సమయంలోనే. ఐఎం-ఫోర్టే అనే పరీక్షలో ఆ దశలో అటిజోలిజుమాబ్‌తో పాటు లుర్బినెక్టెడిన్ అనే మందు కూడా ఇచ్చారు. జబ్బు అదుపులో ఉన్న కాలం 2.1 నెలల నుండి 5.4 నెలలకు, ఆయుష్షు 10.6 నుండి 13.2 నెలలకు పెరిగింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ ఏడాది అక్టోబరులో దీనికి అనుమతి ఇచ్చింది. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఈ నెలలను లెక్కపెట్టింది నాలుగు సైకిళ్లు పూర్తయిన తర్వాత నుండి. కాబట్టి రోగ నిర్ధారణ నుండి చూస్తే ఇంకో మూడు నెలలు కలుపుకోవచ్చు. అయితే మొదట చేరిన 660 మందిలో ఈ రెండో దశకు చేరి లెక్కలోకి వచ్చినవారు 483 మందే. ఈలోపే జబ్బు ముదిరినవారు, నీరసించినవారు అప్పటికే తప్పుకున్నారు. మెదడుకు పాకినవారిని అసలు చేర్చుకోలేదు. దుష్ప్రభావాలు కూడా తక్కువేమీ కావు. రెండు మందులూ తీసుకున్నవారిలో నలుగురిలో ఒకరికి తీవ్రమైనవి కనిపించాయి. నాన్నగారు నాలుగు సైకిళ్లూ తట్టుకుని, స్కాన్ బాగుంటే, అప్పుడు డాక్టరు గారితో దీని గురించి మాట్లాడవచ్చు. ఇప్పటి నుండే దానికోసం డబ్బు కూడబెట్టే ఆలోచన పెట్టుకోకండి.

ఇక మొదటి సైకిల్ ఎలా జరుగుతుందో చెబుతాను, వెళ్లేటప్పుడు మీకు భయం తగ్గుతుంది. ముందు రక్తకణాల లెక్క, క్రియాటినిన్, బిలిరుబిన్, సోడియం చూస్తారు. కార్బోప్లాటిన్ మోతాదును మూత్రపిండాల పనితీరును బట్టి లెక్కగడతారు. కాలేయానికి పాకింది కాబట్టి, బిలిరుబిన్ ఎక్కువగా ఉంటే ఎటోపోసైడ్ మోతాదు తగ్గిస్తారు. సోడియం సంగతి మీరు తప్పకుండా అడగండి. స్మాల్ సెల్ గడ్డలు కొన్ని ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోన్‌ను తయారు చేస్తాయి. దాంతో సోడియం పడిపోయి మనిషి మగతగా ఉండటం, మాట పొంతన లేకపోవడం జరుగుతుంది. ఇంట్లోవాళ్లు అది మెదడుకు పాకడం వల్లనో, వయసు వల్లనో అనుకుని ఊరుకుంటారు. మొదటి రోజు వాంతులు రాకుండా మందులు ఇచ్చి, కార్బోప్లాటిన్ డ్రిప్, ఆ తర్వాత ఎటోపోసైడ్. రెండో రోజు, మూడో రోజు ఎటోపోసైడ్ ఒక్కటే. ఇమ్యునోథెరపీ పెడితే అది మొదటి రోజు పెట్టే ఒక డ్రిప్ మాత్రమే. 21 రోజులకు మళ్లీ ఇదే వరుస. సిస్‌ప్లాటిన్ కదా గట్టిది, కార్బోప్లాటిన్ ఎందుకు అని కొందరు అడుగుతారు. ఈ దశలో రెండింటి ఫలితం ఒకటేనని తేలింది, రెండోది వాంతుల విషయంలోనూ మూత్రపిండాల విషయంలోనూ నయం.

ఇంటికి వచ్చాక సుమారు పదో రోజు నుండి పదిహేనో రోజు దాకా తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో ఒళ్లు వెచ్చబడితే ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర సూది వేయించుకుని తెల్లారాక చూద్దామని అనుకోకండి. థర్మామీటరులో 100.4 డిగ్రీలు దాటితే, అర్ధరాత్రయినా సరే, బండి కట్టించుకుని ఆస్పత్రికి రావాలి. కీమో రోగుల ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు కేన్సర్ కాదు, ఇలా నిర్లక్ష్యం చేసిన జ్వరమే. ఈ ఒక్క కారణం చాలు, కీమోను చెన్నైలోనో హైదరాబాదులోనో కాకుండా ఒంగోలులోనో నెల్లూరులోనో చేయించమని చెప్పడానికి. పెద్ద కేంద్రంలో ఇంకో డాక్టరు అభిప్రాయం కావాలనుకుంటే, రిపోర్టులు పట్టుకుని సింగరాయకొండలో రైలెక్కి అడయారు కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి మీరు ఒకసారి చూపించి రండి, నాన్నగారిని తిప్పనక్కరలేదు. మందులు అవే, మోతాదులు అవే. రాత్రిపూట జ్వరం వస్తే గంటలో చేరగలిగే ఆస్పత్రి ఉండటం ఆయనకు ఎక్కువ అవసరం.

ఇమ్యునోథెరపీ దుష్ప్రభావాలు కీమో లాంటివి కావు. అది మన రక్షణ కణాలకు పడ్డ కళ్లెం విప్పుతుంది. అవి కేన్సర్‌తో పాటు ఒక్కోసారి మన సొంత అవయవాల మీదికి కూడా వెళతాయి. థైరాయిడ్ తగ్గడం ఎక్కువగా చూస్తాం, మాత్రతో సరిపోతుంది. రోజుకు నాలుగైదుసార్లకు మించి నీళ్ల విరేచనాలు అయినా, ఉన్నట్టుండి ఆయాసం పెరిగినా వెంటనే చెప్పాలి. పేగువాపుకూ ఊపిరితిత్తుల వాపుకూ స్టెరాయిడ్లు సమయానికి పడితే తగ్గిపోతాయి, ఆలస్యమైతే ప్రమాదం. మందు ఆపేసిన నెలల తర్వాత కూడా ఇవి రావచ్చు కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ ఇంజెక్షన్ పేరు చెప్పడం మరవకండి.

మెదడు ఎమ్మారై తీయించారో లేదో మీరు రాయలేదు. తీయించకపోతే తీయించండి, ఈ జబ్బు మెదడుకు పాకడం చాలా ఎక్కువ. తలకు ముందుజాగ్రత్తగా కరెంటు (రేడియేషన్) పెట్టించాలా అని తర్వాత ఎవరైనా అడగవచ్చు. 2007లో ఐరోపాలో జరిగిన పరీక్షలో అలా రేడియేషన్ ఇస్తే ఆయుష్షు పెరిగిందని తేలింది. కానీ అక్కడ ముందుగా అందరికీ మెదడు స్కాన్ తీయలేదు. 2017లో జపాన్ వైద్యులు ముందు ఎమ్మారై తీసి, మెదడు శుభ్రంగా ఉన్నవారిలో సగం మందికి రేడియేషన్ ఇచ్చి, మిగతా సగాన్ని తరచూ ఎమ్మారైతో గమనించారు. రేడియేషన్ వల్ల ఆయుష్షు పెరగలేదు. అందువల్ల మూడు నెలలకోసారి ఎమ్మారై తీయించుకునే వీలున్నవారికి నేను గమనింపునే సూచిస్తాను. తల మొత్తానికి రేడియేషన్ పడితే జ్ఞాపకశక్తి మీద దెబ్బ పడుతుంది. ఛాతీకి రేడియేషన్ సంగతి నాలుగు సైకిళ్ల తర్వాత స్కాన్ చూసి తేలుతుంది. వెన్నునొప్పి ఎక్కువైనా, కాళ్లు బలహీనపడినా, మూత్రం ఆగిపోయినా మాత్రం ఆ రోజే రేడియేషన్ డాక్టరుకు చూపించాలి.

డబ్బు సంగతికి వస్తాను. కార్బోప్లాటిన్, ఎటోపోసైడ్ పాత మందులు, ఖర్చు తక్కువ. ఎన్టీఆర్ వైద్యసేవ కింద కేన్సర్ కీమోథెరపీ ఉంది. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికి రేషన్ కార్డు, ఆధార్, ముక్క పరీక్ష రిపోర్టు పట్టుకుని వెళ్లండి. ఇమ్యునోథెరపీ మందు పేరు చెప్పి, అది పథకంలోకి వస్తుందా రాదా అని కూడా స్పష్టంగా అడిగి తెలుసుకోండి. రాకపోతే ఆ ఖర్చు మీ మీదే పడుతుంది. డుర్వాలుమాబ్‌పై దిగుమతి సుంకాన్ని కేంద్రం 2024 బడ్జెట్‌లో ఎత్తేసింది. అటిజోలిజుమాబ్‌పై జీఎస్టీని 2025 సెప్టెంబరులో పూర్తిగా తీసేశారు. అయినా మామూలు రైతు కుటుంబానికి అది ఇప్పటికీ భారమే. మందు కంపెనీలు కొన్ని డోసులు కొంటే కొన్ని ఉచితంగా ఇచ్చే సహాయ పథకాలు నడుపుతుంటాయి. డాక్టరు గారి సంతకంతోనే దరఖాస్తు వెళ్లాలి కాబట్టి మొదటి డోసు కొనకముందే అడగండి, కొన్న తర్వాత కాదు.

రెండెకరాలు అమ్మాలా అంటే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అమ్మగారికి, మీకు బతుకుతెరువు ఆ పొలమే అయితే అమ్మవద్దు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవద్దు. కీమో ఒక్కటే చేయించినా మీరు నాన్నగారిని వదిలేసినట్లు కాదు. జబ్బును మొదట తగ్గించే బరువంతా మోసేది ఆ రెండు పాత మందులే. పొలం పోకుండా, పిల్లల చదువు ఆగకుండా భరించగలిగే స్థితి ఉంటే మాత్రం, ఆయన లేచి తిరుగుతున్నంతవరకు ఇమ్యునోథెరపీ చేర్చమనే చెబుతాను, ఎందుకంటే వరుస చివర మిగిలే ఆ పద్దెనిమిది మందిలో ఆయన ఉండరని చెప్పే హక్కు ఎవరికీ లేదు. అలా మొదలుపెట్టేటప్పుడే ఎక్కడ ఆపాలో కూడా డాక్టరు గారితో మాట్లాడుకోండి. స్కాన్‌లో జబ్బు స్పష్టంగా పెరిగితే ఆ మందు కొనసాగించడంలో అర్థం లేదు. ఆ మాట ముందే అనుకుని ఉంటే, ఆ రోజు ఇంకొక్క డోసు చూద్దామని అప్పు చేయరు.

తక్కువ మోతాదు ఇమ్యునోథెరపీ గురించి ఎవరో చెప్పారని రాశారు. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు మామూలు మోతాదులో చిన్న వంతుగా, 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ ఇచ్చి మేలు చూపించింది నిజమే, మన దేశానికి ఎంతో అవసరమైన పరిశోధన కూడా. కానీ అది తల, మెడ కేన్సర్లలో చేసింది. స్మాల్ సెల్‌లో అంత తక్కువ మోతాదు పనిచేస్తుందని చూపిన పెద్ద పరీక్ష లేదు. ఆ ఫలితాన్ని ఇక్కడికి తెచ్చి అంటించి డబ్బు పోగొట్టుకోకండి.

బ్యారన్‌లో (పొగాకును వేడితో ఆరబెట్టే గదిలో) ఆకు కాల్చడం వల్లే ఈ జబ్బు వచ్చిందా అని కూడా అడిగారు. పచ్చాకు కోసేటప్పుడు, కట్టేటప్పుడు చర్మం గుండా నికోటిన్ ఎక్కి తల తిరగడం, వాంతులు కావడం ఉంటుంది గానీ, స్మాల్ సెల్‌కు తిరుగులేని కారణం పీల్చిన పొగే. పొగ అలవాటు లేనివారిలో ఈ రకం కేన్సర్ చాలా అరుదు. ఇప్పుడు మానేసి ఏం లాభమని ఆయన అనవచ్చు. ఇప్పుడు మానేసినా లాభమే, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయి, వైద్యం బాగా తట్టుకుంటారు. మీ ఇంట్లో బీడీ కాల్చే మిగతా మగవాళ్లు కూడా ఆయన ముందు మానేస్తేనే ఆయనకు మానడం వీలవుతుంది.

జబ్బు తిరగబెడితే ఏమిటనే ప్రశ్నకు కూడా ఇప్పుడు మునుపటి కంటే మంచి సమాధానం ఉంది. స్మాల్ సెల్ కణాల మీద ఎక్కువగా ఉండే డీఎల్ఎల్3 అనే ప్రోటీన్‌ను ఒక చేత్తో, మన రక్షణ కణాన్ని ఇంకో చేత్తో పట్టుకుని రెండింటినీ కలిపే టార్లాటమాబ్ అనే మందు వచ్చింది. మొదటి వైద్యం తర్వాత జబ్బు తిరగబెట్టినవారిలో కీమోతో 8.3 నెలలు ఉన్న ఆయుష్షు దీనితో 13.6 నెలలకు పెరిగినట్లు 2025లో వెల్లడైంది. మొదటి డోసుల సమయంలో జ్వరం, రక్తపోటు పడిపోవడం వంటివి రావచ్చు కాబట్టి ఆస్పత్రిలో ఉంచి గమనిస్తూ ఇవ్వాలి. దీన్ని మొదటి వైద్యంలోకే, నాలుగు సైకిళ్ల తర్వాత ఇమ్యునోథెరపీతో కలిపి ఇచ్చే పరీక్షలు నడుస్తున్నాయి. ఈ జబ్బులో రాబోయే మార్పు అటువైపు నుండే వస్తుందని నా అంచనా.

నాన్నగారికి జబ్బు పేరు ఇంకా చెప్పలేదని రాశారు. చెప్పండి. డాక్టరు గారి ఎదుట కూర్చోబెట్టి, మీరూ అమ్మగారూ పక్కన ఉండి చెప్పించండి. పొలం ఆయనది, ఒళ్లు ఆయనది. ఆయనను అడగకుండా మీరూ మేనమామ గారూ ఈ లెక్కలు తేల్చడం సరికాదు. చాలామంది పెద్దవాళ్లు ఈపాటికే గ్రహించి, మీరు బాధపడతారని మౌనంగా ఉంటారు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాస్తే అవి ఆఖరి మందని భయపడి ఆపకండి. వెన్నునొప్పి తగ్గితే ఆయన నిద్రపోతారు, తింటారు, కీమో తట్టుకుంటారు. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు సీటీ ఫిల్ములు, సీడీ, ముక్క పరీక్ష రిపోర్టుతో పాటు, ఆ ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మలను కూడా ఒంగోలు ల్యాబు నుండి అడిగి తీసుకుని మీ దగ్గర ఉంచుకోండి. వేరే ఆస్పత్రిలో మళ్లీ చూడాల్సి వచ్చినా, రేపు కొత్త మందుకు పరీక్ష చేయాల్సి వచ్చినా మళ్లీ సూది గుచ్చకుండా అవే పనికొస్తాయి.